కీ అమ్మితే సరుకా, సర్వీసా? గవర్నర్‌పేట సాఫ్ట్‌వేర్ డీలర్ కేసు

విజయవాడ గవర్నర్‌పేటలో అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మే ఒక చిన్న సంస్థ ఉంది. యజమాని ఒక్కరు, ఆయన కింద ఇద్దరు టెక్నీషియన్లు. వన్‌టౌన్ వస్త్రలతలో బట్టల హోల్‌సేలర్లు, ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ షాపులు, గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ ఏజెంట్లు, కొన్ని కోల్డ్ స్టోరేజీలు ఆయన కస్టమర్లు. ఖమ్మం, కోదాడ వైపు కూడా కొందరున్నారు. 2023-24లో మొత్తం బిల్లింగ్ 34 లక్షల 60 వేలు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ మాత్రం లేదు. సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. లెక్క తేలిగ్గా అర్థం కావాలని అంకెలను కొంచెం సర్దాం.

రిజిస్ట్రేషన్ ఎందుకు తీసుకోలేదంటే, సాఫ్ట్‌వేర్ సరుకు కిందికి వస్తుందని ఆయన నమ్మకం. సరుకు మాత్రమే అమ్మేవాళ్లకు ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షల దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. 2019 ఏప్రిల్ 1 నుంచి ఉన్న వెసులుబాటు ఇది. పక్కనున్న తెలంగాణ దీన్ని తీసుకోలేదు, అక్కడ సరుకుకైనా సర్వీసుకైనా 20 లక్షలే. నమ్మకానికి ఆధారం కూడా చిన్నదేమీ కాదు. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌కూ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రానికీ మధ్య నడిచిన కేసులో 2004 నవంబరు 5న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, రెడీమేడ్‌గా దొరికే సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ సరుకేనని తేల్చింది. మన రాష్ట్ర అమ్మకపు పన్ను చట్టం కింద పుట్టిన తగాదా కాబట్టి ఇక్కడి వ్యాపారుల్లో ఆ మాట అలాగే నిలిచిపోయింది.

జీఎస్టీ నోటీసుకు దారి తీసింది టీడీఎస్, అంటే బిల్లు కట్టేవాళ్లు ముందే కోసి జమచేసే ఆదాయపు పన్ను. కోల్డ్ స్టోరేజీల ఆడిటర్లు ప్యాకేజీ బిల్లుల మీద ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 194జె కింద, రాయల్టీ (హక్కు వాడుకున్నందుకు ఇచ్చే సొమ్ము) లెక్కన 10 శాతం కోసేశారు. అవి డీలర్ 26ఏఎస్‌లో (పాన్ మీద కోసిన పన్నుల స్టేట్‌మెంట్) కనిపించాయి. ఆదాయపు పన్ను రిటర్నులో టర్నోవర్ 34.60 లక్షలు, జీఎస్టీలో మనిషే లేడు. సెక్షన్ 63 కింద, అంటే రిజిస్ట్రేషన్ తీసుకోని వాళ్లకు వేసే అసెస్‌మెంట్ కింద, ఫారం ఏఎస్ఎమ్‌టీ-14లో నోటీసు వచ్చింది. జవాబుకు 15 రోజుల గడువు.

అసలు ఏం అమ్మారు?

జవాబు రాసే ముందు చేసిన మొదటి పని, ఏడాది బిల్లు పుస్తకాలన్నీ తీసి, ఒక్కో బిల్లు ఏ పనికి వేశారో విడగొట్టడం. అన్ని బిల్లుల మీదా 'సాఫ్ట్‌వేర్' అనే ఒక్క మాటే ఉంది. అందుకని వాట్సాప్ మెసేజీలు, టెక్నీషియన్ల విజిట్ డైరీ, సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీ పోర్టల్‌లో కీ (సాఫ్ట్‌వేర్‌ను పనిచేయించే కోడ్) యాక్టివేట్ అయిన తేదీలు పక్కన పెట్టుకుని సరిచూడాల్సి వచ్చింది. తేలింది ఇది: ప్యాకేజీ లైసెన్సులు 21.40 లక్షలు, ఏడాది రెన్యువల్, అప్‌డేట్లు 6.20 లక్షలు, మిర్చి యార్డు వాళ్ల కోసం రాసిచ్చిన ప్రత్యేక మాడ్యూళ్లు 4.30 లక్షలు, ఇన్‌స్టాలేషన్, ట్రైనింగ్, విజిట్లు 2.70 లక్షలు.

డీలర్ వాదన ఈ దశలోనే కూలిపోయింది. 40 లక్షల పరిమితి 'సరుకు మాత్రమే' సరఫరా చేసేవాళ్లకు. సర్వీసు ఒక్క రూపాయి కలిసినా ఆ మినహాయింపు పోతుంది (డిపాజిట్ల మీద, అప్పుల మీద వచ్చే వడ్డీ ఒక్కటే దీనికి అడ్డు రాదు). మిర్చి మాడ్యూల్ ఏమిటో చూస్తే సందేహమే ఉండదు. రైతు తెచ్చిన టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎన్ని, కాటా ఎంత, తరుగు ఎంత, హమాలీ, కమీషన్ పోను చేతికి వచ్చేదెంత అని పట్టీ ప్రింట్ అయ్యేలా టెక్నీషియన్ కూర్చుని కోడ్ రాశాడు. సీజీఎస్టీ (కేంద్ర జీఎస్టీ) చట్టం షెడ్యూల్ 2, పేరా 5(డి) ప్రకారం సాఫ్ట్‌వేర్ తయారీ, డిజైన్, ప్రోగ్రామింగ్, కస్టమైజేషన్, అప్‌గ్రేడేషన్, ఇంప్లిమెంటేషన్ అన్నీ సర్వీసే. 'అప్‌గ్రేడేషన్' అన్న మాటతో రెన్యువల్ సొమ్ము కూడా అక్కడికే పోతుంది. మొదటి రకం లైసెన్సులు సరుకే అనుకున్నా మిగతా మూడూ కలిపి 13.20 లక్షల సర్వీసు. కాబట్టి పరిమితి 20 లక్షలు. దీని మీద పోరాడి ప్రయోజనం లేదు, జవాబు మొదటి పేరాలోనే ఒప్పేసుకోవాలి. ఓడిపోయే అంశాన్ని పట్టుకుని వేలాడితే, గెలవాల్సిన అంశం మీద కూడా అధికారికి నమ్మకం పోతుంది.

గెలవాల్సిన అంశం వేరే ఉంది.

ఖమ్మం బిల్లు

నోటీసులో అధికారి లెక్క 20 లక్షలు దాటిన రోజు నుంచి మొదలు కాలేదు. 2023 మే 12న ఖమ్మంలో ఒక ఎరువుల వ్యాపారికి 18,000 రూపాయలకు ఒక లైసెన్సు అమ్మిన రోజు నుంచి మొదలైంది. ఆయన తర్కం సూటిగానే ఉంది: మీరే అంటున్నారు కదా సాఫ్ట్‌వేర్ సరుకని, సరుకు రాష్ట్రం దాటితే సెక్షన్ 24(1) కింద మొదటి రూపాయి నుంచే రిజిస్ట్రేషన్ తప్పనిసరి, 20 లక్షలూ లేదు, 40 లక్షలూ లేదు. మే 12 తర్వాతి టర్నోవర్ 31.90 లక్షలు, దాని మీద 18 శాతం చొప్పున 5,74,200 పన్ను.

డీలర్ ఏ మాటను కవచం అనుకున్నారో అదే ఆయన మెడకు చుట్టుకుంది. లైసెన్సు సర్వీసు అయితే దారి వేరు. రాష్ట్రం దాటి సర్వీసు ఇచ్చేవాళ్లకు మొత్తం టర్నోవర్ 20 లక్షలు దాటే దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదని 2017లోనే ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాల మీద పడే జీఎస్టీ) నోటిఫికేషన్ 10 ఉంది. బిల్లుల వరసలో 20 లక్షలు దాటింది 2023 నవంబరు 9న. ఆ తర్వాతి టర్నోవర్ 14.60 లక్షలు. 18 శాతం వేసినా 2,62,800. సరుకుకూ సర్వీసుకూ పన్ను రేటు 18 శాతమే కదా, ఏదైతేనేం అనే మాట ఆడిటర్ల దగ్గర కూడా తరచూ వినిపిస్తుంది. రేటు ఒకటే అయినా ఏ రోజు నుంచి కట్టాలి, ఏ రాష్ట్రానికి కట్టాలి, అడ్వాన్సు మీద కట్టాలా వద్దా అన్నవన్నీ ఈ ఒక్క ప్రశ్న మీదే ఆధారపడతాయి. ఈ కేసులో ఆ తేడా మూడు లక్షల పైమాట.

వాదన ఎలా నిలిపారు?

అధికారి చేతిలో బలమైన కాగితం ఒకటుంది. ఐటీ రంగం కోసం కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు విడుదల చేసిన ప్రశ్నోత్తరాల్లో, ముందే తయారైన సాఫ్ట్‌వేర్‌ను ఏదైనా మాధ్యమంలో ఇచ్చినా, ఎన్‌క్రిప్షన్ కీ ద్వారా అందుబాటులోకి తెచ్చినా అది 8523 శీర్షిక (సరుకుల వర్గీకరణ కోడ్) కింద సరుకేనని ఉంది. కర్ణాటక అడ్వాన్స్ రూలింగ్ అథారిటీ (వ్యాపారులు ముందే అడిగే పన్ను సందేహాలు తేల్చే సంస్థ) కూడా సోలైజ్ ఇండియా కేసులో లైసెన్సు సాఫ్ట్‌వేర్‌ను సరుకే అంది. వీటిని దాచిపెట్టి జవాబు రాయడం తెలివితక్కువ పని. రెండిటినీ జవాబులోనే ప్రస్తావించి, ఎందుకు వర్తించవో చెప్పారు. ప్రశ్నోత్తరాలు చట్టం కావు. అడ్వాన్స్ రూలింగ్ సెక్షన్ 103 ప్రకారం అడిగినవాళ్లకూ వాళ్ల అధికారికీ మాత్రమే వర్తిస్తుంది.

అసలు బరువంతా లైసెన్సు ఒప్పందం మీద పెట్టారు. సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు చదవకుండా 'అంగీకరిస్తున్నాను' అని నొక్కేసే పత్రమే అది. ప్రింట్ తీసి ఈ వాక్యాలకు పసుపు రంగు పూశారు: సాఫ్ట్‌వేర్‌ను అమ్మడం లేదు, వాడుకునే హక్కు మాత్రమే ఇస్తున్నాం, ఈ హక్కు మీ ఒక్కరికే ప్రత్యేకం కాదు, దీన్ని ఇంకొకరికి బదిలీ చేయకూడదు, షరతు తప్పితే కీ రద్దవుతుంది. యాజమాన్యం చేతులు మారలేదని ఇంతకంటే స్పష్టంగా ఎవరూ రాయలేరు. షెడ్యూల్ 2 పేరా 1(ఎ) ప్రకారం టైటిల్ (యాజమాన్య హక్కు) మారితేనే సరుకు సరఫరా. టైటిల్ మారకుండా హక్కు మాత్రమే ఇస్తే పేరా 1(బి) కింద సర్వీసు. మేధోసంపత్తిని వాడుకోనివ్వడం పేరా 5(సి) కింద సర్వీసు.

తర్వాత క్విక్ హీల్ తీర్పు. యాంటీవైరస్ కీల మీద సర్వీస్ ట్యాక్స్ చెల్లదని 2022 ఆగస్టు 5న సుప్రీంకోర్టు చెప్పిన కేసు. 'సాఫ్ట్‌వేర్ సరుకే' అనడానికి అందరూ దీన్నే చూపిస్తారు. కానీ కోర్టు ఏ దారిలో ఆ మాటకు చేరిందో చూడాలి. లైసెన్సు ఇవ్వడమంటే సరుకును వాడుకునే హక్కును బదిలీ చేయడం, రాజ్యాంగం 366(29ఎ)(డి) కింద అది అమ్మకంతో సమానం కాబట్టి వ్యాట్ పడుతుంది, సర్వీస్ ట్యాక్స్ పడదు అన్నారు. అది వ్యాట్ రోజుల లెక్క. జీఎస్టీలో సరిగ్గా ఆ లావాదేవీనే, అంటే 'సరుకును వాడుకునే హక్కు బదిలీ'ని, షెడ్యూల్ 2 పేరా 5(ఎఫ్) సర్వీసు అని రాసి పెట్టింది. 2004 తీర్పుకూ ఇదే సమాధానం. సాఫ్ట్‌వేర్ సరుకు కావచ్చు. ఆ సరుకును ఏం చేశారన్నది ఇప్పటి ప్రశ్న. సైకిల్ సరుకే, అద్దెకిస్తే సర్వీసు. మా దృష్టిలో ఈ కేసు మొత్తంలో బలమైన వాదన ఇదే, చాలామంది వాడుకోనిదీ ఇదే.

విచారణలో అధికారి ఒక మంచి ప్రశ్న వేశారు. లైసెన్సు ఒప్పందం కంపెనీకీ కస్టమర్‌కీ మధ్య కదా, మధ్యలో ఉన్న డీలర్ ఇచ్చింది కీ మాత్రమే, అది సరుకు కాదా అని. దీనికి జవాబు ముందే సిద్ధం చేసుకోవాలి, లేకపోతే అక్కడికక్కడ తడబడతాం. కీకి విడిగా విలువ లేదు. 16 అక్షరాల వరస అది, యాక్టివేట్ అయ్యాక ఇంకెవరికీ పనికిరాదు. కస్టమర్ డబ్బిచ్చింది ఆ అక్షరాల కోసం కాదు, వాడుకునే హక్కు కోసం. పైగా ఇంటర్నెట్ ద్వారా సాఫ్ట్‌వేర్ అందించడాన్ని ఐజీఎస్టీ చట్టం సెక్షన్ 2(17) ఆన్‌లైన్ సేవల నిర్వచనంలోనే చేర్చింది. అదే సాఫ్ట్‌వేర్ విదేశం నుంచి డౌన్‌లోడ్ అయితే సర్వీసు, గవర్నర్‌పేట నుంచి మెయిల్‌లో వెళ్తే సరుకు అనడం కుదరదు.

ఖమ్మం, కోదాడ బిల్లులన్నిటికీ కీ మెయిల్‌లో వెళ్లినట్టు సాక్ష్యం జత చేశారు. ఏడాదిలో డాంగిల్‌తో (కంప్యూటర్‌కు గుచ్చే తాళం లాంటి పరికరం), పెన్‌డ్రైవ్‌తో పెట్టె రూపంలో అమ్మినవి 14. అన్నీ ఆంధ్రప్రదేశ్ కస్టమర్లకే. వాటిలో ఒక్క పెట్టె జగ్గయ్యపేట దాటి కోదాడ వెళ్లి ఉంటే పరిస్థితి వేరు. చేతికందే వస్తువు ఉన్నచోట సరుకు వాదన చాలా బలపడుతుంది, సెక్షన్ 24 ఆ రోజు నుంచే అంటుకుంటుంది.

తేలిన లెక్క

ఖమ్మం తేదీని అధికారి వదిలేశారు. నవంబరు 9 నుంచి 14.60 లక్షల మీద పన్ను అన్నారు. రెండో ఊరట బిల్లు పుస్తకం కింద అచ్చేసిన ఒక చిన్న లైను వల్ల దక్కింది: 'ధర అన్ని పన్నులతో కలిపి'. దాన్ని చూపించి రూల్ 35 అడిగారు. అంటే వసూలైన సొమ్ములోనే పన్ను ఉందని, 18ని 118తో భాగించి లెక్కించడం. 2,62,800 కాస్తా 2,22,712కు దిగింది. ఆ లైను లేకపోతే రూల్ 35 అడగడం కష్టమయ్యేది. నవంబరు 9 తర్వాత తెలంగాణ కస్టమర్ల బిల్లులు 70,000. వాటి పన్ను 10,678 ఐజీఎస్టీ కింద, మిగతా 2,12,034 చెరిసగం, 1,06,017 చొప్పున, సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ (రాష్ట్ర జీఎస్టీ) కింద. దీనిపై సెక్షన్ 50 వడ్డీ ఏడాదికి 18 శాతం.

రిజిస్ట్రేషన్ తీసుకోనందుకు సెక్షన్ 122(1) పెనాల్టీ 10,000 లేదా ఎగ్గొట్టిన పన్ను, ఏది ఎక్కువైతే అది. దీని మీద అప్పీలు నడుస్తోంది. బోర్డు ప్రశ్నోత్తరాలే ఒకటి చెబుతుంటే, చట్టం ఇంకొకటి చెబుతుంటే, ఆ సందులో చిక్కుకున్న చిన్న వ్యాపారిని 'ఎగ్గొట్టాడు' అనడం న్యాయం కాదన్నది అక్కడి వాదన.

పెనాల్టీ కన్నా పెద్ద దెబ్బ ఇన్‌పుట్ క్రెడిట్ (కొనేటప్పుడు కట్టిన జీఎస్టీని అమ్మకం పన్నులో తగ్గించుకోవడం) పోవడం. నవంబరు 9 తర్వాత కంపెనీ దగ్గర 7.20 లక్షల కీలు కొన్నారు, వాటి మీద 1,29,600 జీఎస్టీ కట్టారు. జీఎస్టీఐఎన్ (జీఎస్టీ నంబరు) లేని కొనుగోళ్లు కాబట్టి ఏ 2బీలోనూ (పోర్టల్ చూపే క్రెడిట్ల పట్టిక) కనిపించవు. లిమిట్ దాటిన 30 రోజుల్లో దరఖాస్తు పెట్టి ఉంటే రిజిస్ట్రేషన్ నవంబరు 9 నుంచే అమల్లోకి వచ్చేది, క్రెడిట్ దక్కేది. ఆలస్యమైతే రూల్ 10 ప్రకారం సర్టిఫికెట్ ఇచ్చిన రోజు నుంచే అమలు; పన్ను బాధ్యత మాత్రం దాటిన రోజు నుంచే. అదే కారణంతో పాత బిల్లులకు రివైజ్డ్ ఇన్వాయిస్ (పన్ను చూపిస్తూ సవరించిన బిల్లు) ఇవ్వడానికి వీల్లేదు, యార్డు ఏజెంట్ల నుంచి ఆ పన్ను రాబట్టుకునే దారీ లేదు.

ఇదే పరిస్థితిలో ఉండి ఇంకా నోటీసు రాని వాళ్లు గమనించాల్సింది సెక్షన్ 40. దరఖాస్తులో బాధ్యత మొదలైన తేదీ నిజంగా ఏదో అదే వేసి, ఆ రోజు నుంచి సర్టిఫికెట్ వచ్చిన రోజు దాకా చేసిన అమ్మకాలను మొదటి రిటర్నులోనే చూపించి పన్ను, వడ్డీ కట్టేయవచ్చు. నోటీసు వచ్చాక ఆ దారి ఇంత సాఫీగా ఉండదు.

బిల్లింగ్ మార్చిన తీరు

రిజిస్ట్రేషన్ వచ్చాక బిల్లులో 'సాఫ్ట్‌వేర్' అనే ఒంటి మాట మానేశారు. మెయిల్‌లో వెళ్లే లైసెన్సుకు సర్వీసు కోడ్ 997331, మాడ్యూల్ రాసివ్వడానికి 998314, సపోర్టు, ట్రైనింగ్ విజిట్లకు 998313. డాంగిల్ పెట్టెకు మాత్రం 8523. ఒకే కస్టమర్‌కు ఒకే రోజు నాలుగూ ఇచ్చినా నాలుగు లైన్లు. మాడ్యూల్ విషయంలో ఒక జాగ్రత్త ఉంది. సోర్స్ కోడ్‌తో సహా హక్కులన్నీ శాశ్వతంగా రాసిచ్చేస్తే అది మేధోసంపత్తి శాశ్వత బదిలీ, రేట్ల నోటిఫికేషన్‌లో సరుకుల జాబితాలో ఉంది. అందుకని యార్డు ఏజెంట్లతో రాసుకునే కాగితంలో కోడ్ హక్కు ఎవరిదో ఒక వాక్యం ఇప్పుడు తప్పనిసరిగా ఉంటోంది.

ఎక్కువ తప్పులు జరిగే చోటు అడ్వాన్సు. సరుకు అడ్వాన్సు మీద 2017 నవంబరు 15 నుంచి పన్ను లేదు, సరఫరా అప్పుడే కట్టాలి. సర్వీసు అడ్వాన్సు మీద మాత్రం డబ్బు అందిన నెలలోనే కట్టాలి. ఏప్రిల్ రెన్యువల్ కోసం మార్చి 28న ఫోన్‌పేలో పడిన 10,800 మార్చి టర్నోవర్. రిసీట్ వోచర్ (అడ్వాన్సు రసీదు) రాసి, అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1లో టేబుల్ 11ఎలో చూపించి, ఏప్రిల్ ఇన్వాయిస్ వేశాక 11బిలో తీసేయాలి. ఆ రోజే ఇన్వాయిస్ వేసేస్తే ఈ బాధ ఉండదు. డీలర్ ఇప్పుడు చేస్తున్నది అదే.

తెలంగాణ కస్టమర్‌కు జీఎస్టీఐఎన్ ఆ రాష్ట్ర కోడ్ 36తో మొదలైతే ఐజీఎస్టీ, అక్కడ తికమక ఏమీ లేదు. జీఎస్టీ లేని కస్టమర్ దగ్గరే పొరపాటు దొర్లుతుంది. అడ్రసు రాసుకోకపోతే సప్లయర్ ఉన్న చోటే ప్లేస్ ఆఫ్ సప్లై (పన్ను చెందే రాష్ట్రం) అని సాఫ్ట్‌వేర్ ఆంధ్రప్రదేశ్ కోడ్ 37 వేసేస్తుంది. ఆన్‌లైన్ సర్వీసుకు, బిల్లు ఎంత చిన్నదైనా కస్టమర్ రాష్ట్రం పేరు ఇన్వాయిస్ మీద ఉండాలని 2024 డిసెంబరు 31 నాటి సర్క్యులర్ 242 స్పష్టంగా చెప్పింది. ఒకవేళ తప్పు పద్దులో కట్టేస్తే సెక్షన్ 77 కింద సరైన పద్దులో వడ్డీ లేకుండా మళ్లీ కట్టి, రెండేళ్లలోపు పాతది రీఫండ్ అడగవచ్చు.

కస్టమర్ల డేటా బ్యాకప్ కోసం డీలర్ నెలకు 2,400కు ఒక విదేశీ క్లౌడ్ వాడుతున్నారు. రిజిస్ట్రేషన్ తీసుకున్నాక దీని మీద రివర్స్ చార్జ్ (అమ్మినవాళ్లకు బదులు కొన్నవాళ్లు కట్టే పన్ను) 432 రూపాయలు ఆయనే కట్టాలి, అదీ క్రెడిట్‌తో కాకుండా క్యాష్ లెడ్జర్ నుంచే. సెల్ఫ్ ఇన్వాయిస్ (తన పేర తానే రాసుకునే బిల్లు) 30 రోజుల్లో రాసుకుంటే అదే రిటర్నులో క్రెడిట్ తీసుకోవచ్చు.

ఇక నోటీసుకు దారి తీసిన 194జె విషయం. సాఫ్ట్‌వేర్‌లో ఏ మార్పూ చేయకుండా తిరిగి అమ్మితే, ముందటి చేతి మార్పిడిలో ఒకసారి టీడీఎస్ కోసి ఉంటే, కస్టమర్ మళ్లీ కోయనక్కర్లేదని 2012 జూన్ 13 నాటి నోటిఫికేషన్ 21 ఉంది. అమ్మేవాళ్లు తమ పాన్‌తో ఆ మేరకు డిక్లరేషన్ ఇవ్వాలి. ముందటి చేతి మార్పిడిలో టీడీఎస్ కోసిన రుజువు తెప్పించుకుని, కోల్డ్ స్టోరేజీలకు వేసే ప్రతి ప్యాకేజీ బిల్లు వెనక ఇప్పుడు ఆ డిక్లరేషన్ పిన్ చేసి పంపుతున్నారు. మాడ్యూల్ కలిసిన బిల్లుకు అది పనిచేయదు. మార్పు చేసినట్టే లెక్క. కాబట్టి ఆ రెండూ వేర్వేరు బిల్లులు.